ప్రశ్న – జవాబు: హాస్టల్ పంక్తిలో ఎవరి చోటు ఎక్కడ?

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాదులో పి.జి. చదువుతున్నాడు. మొన్న సెలవులకు వచ్చినప్పుడు, క్యాంపస్‌లో పెద్దకూర (గొడ్డు మాంసం) పండుగ జరపాలని స్నేహితులతో కలిసి కరపత్రాలు పంచుతున్నట్టు చెప్పాడు. మా ఇంట్లో తినేదే కనుక తిండి మీద నాకు అభ్యంతరం లేదు. కానీ తినాలనుకుంటే ఇంటికొచ్చినప్పుడు తినవచ్చు కదా? దాన్ని పండుగ చేసి గొడవలు కొనితెచ్చుకోవడం ఎందుకు? అసలు చట్టం ఒప్పుకుంటుందా?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, మీ భయానికి కారణం ఉంది. 2012 ఏప్రిల్ 15న, అంబేడ్కర్ జయంతి మరునాడు, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత విద్యార్థులు ముందుండి పెద్దకూర పండుగ జరిపినప్పుడు, దాన్ని వ్యతిరేకించిన అఖిల భారతీయ విద్యార్థి పరిషత్ (ఏబీవీపీ) వారితో ఘర్షణ చెలరేగి, రాళ్లు పడి, పోలీసులు బాష్పవాయువు ప్రయోగించి, చివరకు ఒక విద్యార్థి కత్తిపోటుకు గురయ్యే దాకా వెళ్లింది. 2015 డిసెంబరు 10న, మానవ హక్కుల దినం నాడు మళ్లీ జరపాలని తలపెడితే, హైకోర్టు దాన్ని జరగనివ్వవద్దని ఆదేశించింది. పోలీసులు విద్యార్థులను అదుపులోకి తీసుకున్నారు. ఇవన్నీ తెలిసిన తల్లి కొడుకును హెచ్చరించకుండా ఉండలేదు.

అయితే ‘ఇంటికొచ్చి తినవచ్చు కదా’ అన్న మీ మాట దగ్గరే అసలు విషయం ఉంది. పరిశోధక విద్యార్థికి అయిదారేళ్లపాటు హాస్టలే ఇల్లు. ఆ ఇంట్లో తన ఇంటి కూర వండుకోవాలంటే గది తలుపు గడియ వేసి, కరెంటు పొయ్యి మీద గిన్నె పెట్టి, వాసన వరండాలోకి పోకుండా తలుపు సందున తువ్వాలు కుక్కి, ఎవరైనా తలుపు తడితే గిన్నెను మంచం కిందికి నెట్టవలసిన స్థితి ఒకరికి ఉండి, పక్కగది వారికి లేకపోతే, అది రుచికి సంబంధించిన విషయం కాదు. తన తల్లి చేతి వంట గురించి నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గుపడేలా చేయడం అది. ఆ సిగ్గును వదిలించుకోవడానికే మీ అబ్బాయి వంటివారు దాచుకున్న గిన్నెను నలుగురి ముందుకు తెస్తున్నారు. 2006లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయపు ‘సుకూన్’ ఉత్సవంలో రకరకాల తినుబండారాల దుకాణాల మధ్య తమకూ ఒక పెద్దకూర దుకాణం కావాలని దళిత విద్యార్థులు పట్టుబట్టడం వెనుక ఉన్నదీ ఇదే. ఉత్సవం అందరిదీ అన్నప్పుడు అందులో తమ వంట ఎందుకు ఉండకూడదన్నది వారి ప్రశ్న. నాకు అది న్యాయమైన ప్రశ్నగానే కనిపిస్తుంది.

ఇది విశ్వవిద్యాలయాల్లో నిన్నో మొన్నో పుట్టిన పోకడ కూడా కాదు. అంటరానితనానికీ గొడ్డు మాంసానికీ ఉన్న సంబంధాన్ని అంబేడ్కర్ 1948లోనే ఒక గ్రంథంలో విస్తారంగా చర్చించారు. మన తెలుగు నేల మీద సంఘ సంస్కర్తలు సహపంక్తి భోజనాలతో కులం గోడలను తట్టారు. విజయవాడ నాస్తిక కేంద్రంలో దాని స్థాపకుడు గోరా 1972 ఆగస్టు 15న, స్వాతంత్ర్య రజతోత్సవం నాడు, గోమాంసం, పంది మాంసం కలిపి వడ్డించే సామూహిక భోజనం ఏర్పాటు చేసి, రెండు మతాల నిషేధాలనూ ఒకే పంక్తిలో ప్రశ్నించారు. దానికి అప్పట్లో తీవ్రమైన నిరసన ఎదురయింది.

ఇక చట్టం సంగతి. తెలంగాణలో అమలులో ఉన్నది ఉమ్మడి రాష్ట్రంలో 1977లో వచ్చిన గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం. అది ఆవులను, లేగదూడలను వధించడాన్ని నిషేధిస్తుంది. ఎద్దులు, దున్నలు, గేదెల విషయంలో అధికారి ధ్రువపత్రం ఉంటే అనుమతిస్తుంది. అది నిషేధించినది వధను, తినడాన్ని నేరమనలేదు. రాష్ట్రాలు గోవధను నిషేధించవచ్చునని సుప్రీంకోర్టు 2005లో గుజరాత్ కేసులో తీర్పు చెప్పిన మాట నిజమే. అదే సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించినప్పుడు, ఏం తినాలో, ఏం కట్టుకోవాలో ప్రభుత్వం చెబుతుంటే ఎవరూ ఇష్టపడరని మన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్ తన తీర్పులో రాశారు. కనుక మీ అబ్బాయితో నేను చెప్పమనేది ఇంతే: ధ్రువీకరించిన చోట కొన్న మాంసానికి రసీదు దగ్గర ఉంచుకోవాలి, అనుమతికి రాతపూర్వకంగా అడగాలి, నిరాకరిస్తే కారణం కూడా రాతపూర్వకంగానే అడగాలి, న్యాయస్థానపు ఆదేశం ఏదైనా ఉంటే దాన్ని న్యాయస్థానంలోనే ఎదుర్కోవాలి. వేరొకరి పూజా స్థలం ముందుకు గిన్నె తీసుకెళ్లి పెట్టకూడదు. హక్కు అడుగుతున్నవారు ఎదుటివారి గుండె గాయపరచాలని చూడకూడదు. మానెయ్యమని మాత్రం చెప్పకండి.

ప్రశ్న: నేను పుట్టుకతో శాకాహారిని. హాస్టల్ మెస్‌లో మాంసం వాసనకు నాకు అన్నం సయించదు. మాకు వేరే బల్లలు కేటాయించమని అడిగితే వివక్ష అంటున్నారు. మా అలవాటుకు గౌరవం లేదా?
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: మీ అలవాటుకు గౌరవం ఉంది, ఉండాలి. శాకాహారం వేరే గిన్నెల్లో వండాలనీ, గరిటెలు కలవకూడదనీ, వడ్డించే కౌంటర్ వేరుగా ఉండాలనీ మీరు అడిగితే మెస్ కమిటీ తప్పక వినాలి. ఎవరూ మీ పళ్లెంలో మీకు ఇష్టం లేనిది వేయకూడదు. నా అభ్యంతరం ఆ తర్వాతి మెట్టు మీదే. 2018 డిసెంబరులో మద్రాసు ఐఐటి మెస్‌లో శాకాహారులకూ మాంసాహారులకూ వేర్వేరు ప్రవేశ ద్వారాలు, వేర్వేరు చేతులు కడుక్కునే తొట్లు ఉన్నట్టు బోర్డులు వెలిసి, విద్యార్థులు నిలదీశాక తొలగిపోయాయి. 2023లో బొంబాయి ఐఐటిలో ఆరు బల్లలను శాకాహారులకే కేటాయించారు; నిరసనగా అక్కడ కూర్చుని మాంసం తిన్న విద్యార్థికి 10,000 రూపాయల జరిమానా వేశారు. గరిటె వేరుగా ఉంటే మీ ఆహారానికి రక్షణ. చేతులు కడిగే తొట్టి వేరుగా ఉంటే అది ఏ ఆహారానికీ రక్షణ కాదు. అక్కడ వేరు పడేది మనిషి. మన దేశంలో బావి దగ్గర, హోటల్ గ్లాసు దగ్గర ఈ పని ఎవరి మీద జరిగిందో మీరూ చదువుకున్నారు. రాజ్యాంగం 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది ఈ అనుభవం వల్లే.

2014 నాటి కేంద్ర ప్రభుత్వపు నమూనా నమోదు సర్వే (ఎస్‌ఆర్‌ఎస్) లెక్కల్లో తెలంగాణలో పదిహేనేళ్లు దాటినవారిలో మాంసాహారులు నూటికి 98 మందికి పైగా ఉన్నారు. మీరు అల్పసంఖ్యలో ఉన్నారు కనుక మీ మీద ఎవరూ ఎగతాళిగా మాట్లాడకుండా చూడడం మిగతావారి బాధ్యత. వాసన భరించలేని రోజు కిటికీ పక్కన కూర్చోండి, పళ్లెం తీసుకుని ఆరుబయటికి వెళ్లండి. అది మీరు ఎంచుకున్న చోటు అవుతుంది. బల్ల మీద బోర్డు పెడితే అది ఇతరులను తోసేసే చోటు అవుతుంది.

ప్రశ్న: మాంసం గొడవకు వచ్చినంత మంది నాయకులు మా సంక్షేమ హాస్టల్లో నీళ్ల చారు గురించి అడగడానికి ఎందుకు రారు?
– ఒక డిగ్రీ విద్యార్థి, నల్లగొండ

జవాబు: మీ కోపంలో న్యాయం ఉంది. 2022 జూన్‌లో బాసర ట్రిపుల్ ఐటి విద్యార్థులు దాదాపు వారం రోజులు ఎండకూ వానకూ గేటు దగ్గర బైఠాయించారు. వారి డిమాండ్లలో మంచి భోజనం ఒకటి. హామీలతో ఆందోళన విరమించాక నెల తిరగకుండానే, జులై 15న, అదే ప్రాంగణంలో మెస్ భోజనం తిని వంద మందికి పైగా అస్వస్థులయ్యారు. మీవంటి సంక్షేమ హాస్టళ్లలో ఇంటర్ నుంచి పి.జి. వరకు మెస్ ఛార్జీలు 2024 చివర్లో నెలకు 1,500 రూపాయల నుంచి 2,100కు పెరిగాయి. అంటే ముప్పూటలా రోజుకు 70 రూపాయలు. దానితోనే పాలు, గుడ్డు, కోడికూర, గ్యాసు గడవాలి. ఈ లెక్కను అడిగేవారూ, పెద్దకూర గిన్నెను అడిగేవారూ నా దృష్టిలో ఒకే పోరాటంలో ఉన్నవారు. పేద పిల్లవాడి పళ్లెం ఎవరికీ పట్టదన్నదే రెండింటి మూలం. కానీ రెండోది పత్రికల్లో పతాక శీర్షిక అవుతుంది, మొదటిది ఆసుపత్రిలో చేరాకే వార్త అవుతుంది.

నాయకుల కోసం ఎదురుచూడకుండా మీరు చేయగలిగినవి ఉన్నాయి. హాస్టల్ వంటశాల కూడా 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కిందికే వస్తుంది. లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ సంఖ్య కనిపించేలా ఉండాలి. లేకపోతే జిల్లా ఆహార భద్రతా అధికారికి రాయండి. పురుగులున్న బియ్యం వస్తే బస్తా మీది ముద్ర, తేదీ, సరఫరాదారు పేరు కనిపించేలా ఫొటో తీసి, కనీసం పది మంది సంతకాలతో వార్డెన్‌కు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. అదే చట్టం 40వ సెక్షన్ ప్రకారం, కొనుగోలుదారు కొనేటప్పుడే అమ్మేవారికి తెలియజేసి, రుసుము చెల్లించి, ఆహారాన్ని పరీక్షకు పంపవచ్చు. లోపం తేలితే ఆ రుసుము తిరిగి వస్తుంది. డబ్బు చెల్లించి తినే క్యాంటీన్లకు ఇది సూటిగా పనికొస్తుంది. ఉచిత హాస్టల్లో అయితే నమూనా తీసుకెళ్లమని ఆ అధికారినే పిలవండి, ఆయన వచ్చేదాకా ఆ పూట వండిన గిన్నెలను కడగనివ్వకండి.