ఫారెక్స్ యాప్ కాదు, డబ్బు ఎవరి ఖాతాలో పడుతోందో చూడండి

"గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను, యాభై వేలతో ఫారెక్స్ మొదలుపెడదామనుకుంటున్నా, నమ్మకమైన బ్రోకర్ ఎవరు?" అని అడిగారు. ఫారెక్స్ అంటే విదేశీ కరెన్సీల రేట్ల మీద చేసే ట్రేడింగ్. బ్రోకర్ పేరు మాత్రం చెప్పనండి. డిపాజిట్ నొక్కగానే ఏ ఖాతా కనిపిస్తుందో చూడండి, సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ దగ్గర రిజిస్ట్రేషన్ ఉన్న బ్రోకర్‌కి మీ పేరు మీద ముందే లింకైన బ్యాంకు ఖాతా నుంచే డబ్బు వెళ్లాలి, తిరిగి దానికే రావాలి. క్యాష్ తీసుకోడు, బావమరిది ఖాతా నుంచి పంపినా తీసుకోడు. 2025 అక్టోబరు నుంచి సెబీ ధ్రువీకరించిన యూపీఐ ఐడీలు కూడా వచ్చాయి: కట్టేటప్పుడు ఆకుపచ్చ త్రికోణంలో తెల్ల బొటనవేలు గుర్తు కనిపిస్తుంది.

రీల్స్‌లో కనపడే యాప్‌లో పొద్దున ఏదో ట్రేడర్స్ పేరు, సాయంత్రం ఇంకేదో ఎంటర్‌ప్రైజెస్ పేరు. "ఇరవై నిమిషాల్లో కట్టండి, రిమార్క్స్‌లో ఫారెక్స్ అని రాయొద్దు" అని పక్కన ఓ నోట్. అవి చాలావరకు అద్దెకు తీసుకున్న ఖాతాలు. విత్‌డ్రా కూడా అలాంటి ఖాతా నుంచే వస్తుంది. అసలు ముప్పు అక్కడుంది. ఎక్కడో రాజస్థాన్‌లో మోసపోయినాయన డబ్బు ఆ ఖాతాలో పడుతుంది, అందులోంచే మీకు పన్నెండు వేలు వస్తాయి. ఆయన సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే డబ్బు నడిచిన దారంతా పట్టుకుంటారు, మీ జీతం పడే ఖాతాకి కూడా తాళం పడొచ్చు. బ్యాంకు మేనేజరు ఆ రాష్ట్రం పోలీసుల మెయిల్ ఐడీ చేతిలో పెట్టి పంపిస్తాడు. వాళ్లకి ఏమని చెప్తారు? ఫారెక్స్ లాభమంటే విదేశీ మారక చట్టం ఫెమా ఉల్లంఘన మీరే రాసిచ్చినట్టు. ఆ చట్టం కింద జరిమానా ఉల్లంఘనలో ఉన్న మొత్తానికి మూడు రెట్ల దాకా ఉండొచ్చు.

చిన్న మొత్తం విత్‌డ్రా చేసి చూస్తే నమ్మకం కుదురుతుందంటారు. అది పరీక్ష కాదు, ఎర. నాలుగు లక్షలు అడిగినప్పుడు చూడండి: ముందు ట్యాక్స్ కట్టమంటాడు, తర్వాత వెరిఫికేషన్ ఫీజు. నిజం ఛార్జీ అయితే బ్యాలెన్స్‌లోంచే కోసుకుంటారు గానీ జేబులోంచి మళ్లీ కట్టమనరు.

ఆర్‌బీఐ అలర్ట్ లిస్టులో (అనుమతి లేని ఫారెక్స్ సంస్థల జాబితా) పేరు లేదని సంబరపడకండి. లిస్టులో లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదని ఆర్‌బీఐ స్వయంగా చెప్పింది. కరీబియన్ ద్వీప దేశం సెయింట్ విన్సెంట్ రిజిస్ట్రేషన్ చూపిస్తే నవ్వుకోండి, అక్కడి నియంత్రణ సంస్థే ఫారెక్స్ బ్రోకర్లకు తాను లైసెన్సు ఇవ్వనని చెబుతుంది. 1:500 లెవరేజ్ అంటే మీ రూపాయితో ఐదు వందల రూపాయల ట్రేడు, రేటు 0.2 శాతం ఎదురు తిరిగితే మొత్తం హారతి. విదేశీ ట్రేడింగ్ మార్జిన్‌కి (ట్రేడు కోసం బ్రోకర్ దగ్గర ఉంచే సొమ్ము) ఎల్‌ఆర్‌ఎస్ కింద, అంటే వ్యక్తులు విదేశాలకు డబ్బు పంపుకునే ఆర్‌బీఐ పథకం కింద, డబ్బు పంపడానికి వీల్లేదు. బంధువుల పోషణ అని ఫారంలో రాసి పంపమనే ఏజెంట్లున్నారు. వాడి కమిషన్ వాడికొస్తుంది, సంతకం మాత్రం మీది.

సక్రమమైన దారి ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈల కరెన్సీ విభాగం. డాలరు-రూపాయి లాట్, అంటే ఒక కాంట్రాక్టు, 1000 డాలర్లు. కానీ 2024 మే 3 నుంచి దానికి వెనక అసలు విదేశీ మారక లావాదేవీ ఉండి తీరాలి. డాలర్లు రావాల్సిన మిర్చి ఎగుమతిదారుకి అది పనికొస్తుంది. కేవలం రేటు మీద పందెం కాసే యాభై వేలకి అక్కడా చోటు లేదు. మీకు అలాంటి లావాదేవీ ఉంటే సెబీ సైట్‌లో బ్రోకర్ ఐఎన్‌జెడ్ రిజిస్ట్రేషన్ నంబరు సరిచూసుకోండి, మిగులు డబ్బు వెనక్కిచ్చే సెటిల్‌మెంట్ మూడు నెలలకి కాకుండా నెలనెలా పెట్టుకోండి, ఎక్స్ఛేంజి నుంచి వచ్చే బ్యాలెన్స్ మెసేజ్‌ని బ్రోకర్ లెడ్జర్‌తో పోల్చండి.

ఇప్పటికే కట్టేసి ఉంటే ఇంకో రూపాయి పంపొద్దు. యూటీఆర్ నంబర్లు (ప్రతి చెల్లింపుకీ బ్యాంకు ఇచ్చే నంబరు) దగ్గర పెట్టుకుని ఈ గంటలోనే 1930కి చేయండి, వాళ్లు చేర్చిన చాట్ గ్రూపులోంచి బయటికి రాకముందే స్క్రీన్‌షాట్లు తీయండి. వారం తిరక్కుండా "మీ డబ్బు వెనక్కి తెప్పిస్తాం" అని ఫోనొస్తే అది కూడా ఆ బాపతే.