అడిగింది ఒకటి, ఏజెంట్ చేసింది ఇంకొకటి

ప్రశ్న: మాది ప్రైవేటు బస్సుల బుకింగ్ సంస్థ. వాట్సాప్‌లో ప్రయాణికులకు జవాబులివ్వడానికి ఏఐ ఏజెంట్‌ను పెట్టాం. "రద్దు చేస్తే ఎంత వెనక్కొస్తుంది?" అని ఒకాయన అడిగితే ఏకంగా టికెట్టే రద్దు చేసేసింది. మోడల్ మార్చమంటారా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మోడల్ (ఏజెంట్ వెనకుండి నిర్ణయాలు తీసుకునే ఏఐ) జోలికి ఇప్పుడే వెళ్లకండి. టికెట్ రద్దు లాంటి పనికి ఏజెంట్ పిలిచే ప్రోగ్రామ్‌ను టూల్ అంటారు. మీరు పంపిన టూల్ వివరణ మొత్తం ఒకటే వాక్యం: "టికెట్ రద్దుకు సంబంధించిన పనులు చేస్తుంది." టూల్ వెనకున్న కోడ్ ఏజెంట్‌కు కనిపించదు. పేరు, వివరణ, ఏయే వివరాలు ఇవ్వాలో చెప్పే స్కీమా, ఈ మూడే దానికి ఆధారం. ఆయన మాటలో "రద్దు" ఉంది, మీ దగ్గర ఆ పేరున్న టూల్ అదొక్కటే. ఇంకేం చేస్తుంది?

ముందు పనిని రెండుగా విడదీయండి. ఒక టూల్ రీఫండ్ లెక్క చెప్పి ఊరుకోవాలి. రెండోది నిజంగా రద్దు చేయాలి. ఆ రెండోదానికి వివరణ ఇలా రాయొచ్చు:

"ఒక టికెట్‌ను రద్దు చేసి రీఫండ్ మొదలుపెడుతుంది. ఒకసారి రద్దయితే మళ్లీ తెరవడం కుదరదు. ప్రయాణికుడు రీఫండ్ మొత్తం తెలుసుకున్నాక, రద్దు చేయమని స్పష్టంగా చెబితేనే వాడాలి. ఎంత వస్తుందని మాత్రమే అడిగితే దీన్ని వాడకూడదు, రీఫండ్ లెక్క టూల్ వాడాలి. ప్రయాణ తేదీ మార్చడానికి ఇది పనికిరాదు."

చాలామంది వదిలేసేది ఆ చివరి రెండు వాక్యాలనే. ఒకేలా కనిపించే టూళ్లు రెండున్నప్పుడు ఎప్పుడు వాడకూడదో చెప్పే వాక్యమే ఏజెంట్‌ను ఎక్కువగా ఆపుతుంది.

అలాగని డబ్బు వ్యవహారాన్ని వివరణ మీదే వదిలేయకండి. రీఫండ్ లెక్క టూల్ ఒక కోడ్ నంబరు ఇచ్చి, ఆ నంబరు ఉంటేనే రద్దయ్యేలా పెట్టినా చాలదు, ఏజెంట్ రెండిటినీ వెంటవెంటనే పిలిచేయగలదు. ప్రయాణికుడికి "అవును, రద్దు చేయండి" అనే బటన్ పంపి, ఆయన నొక్కాకే మీ సర్వర్ రద్దుకు ఒప్పుకునేలా చేయండి.

ప్రశ్న: "శనివారం రాత్రి పన్నెండున్నర బస్సు" అంటే మా ఏజెంట్ ఒకసారి శనివారానికి, ఇంకోసారి ఆదివారానికి వెతుకుతోంది. స్కీమాలో "తేదీ" అని ఉంది కదా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: తేదీ అంటే ఏ తేదీ? బస్సు బయల్దేరిన రోజా, ప్రయాణికుడు ఎక్కే రోజా? మీ డేటాబేస్ దేన్ని పాటిస్తుందో అదే రాయాలి. ఉదాహరణకు: "ప్రయాణికుడు బస్సు ఎక్కే క్యాలెండర్ తేదీ. సంవత్సరం-నెల-రోజు వరుసలో ఇవ్వాలి, ఉదా: 2025-08-03. రాత్రి 12 దాటాక ఎక్కితే మర్నాటి తేదీ వస్తుంది. సందేహముంటే ప్రయాణికుణ్ని అడగాలి." పారామీటర్ (టూల్‌కు ఇచ్చే ఒక్కో వివరం) పేరు కూడా వట్టి "date" కాకుండా "boarding_date" అని పెట్టండి. 03/08 అని రాస్తే ఆగస్టు 3 కావచ్చు, మార్చి 8 కావచ్చు.

ఈరోజు ఏ తేదీయో మోడల్‌కు దానంతట అది తెలియదు. తేదీ, వారం, భారత కాలమానంలో సమయం మీరే ప్రతి సంభాషణ మొదట్లో ఇవ్వాలి. లేకపోతే "రేపు" అన్న మాటకు అర్థమే ఉండదు.

ఇలాంటి చిక్కే మొత్తాలతోనూ వస్తుంది. మీ పేమెంట్ వ్యవస్థ పైసల్లో లెక్క వేస్తుంటే 85000 అంటే 850 రూపాయలు. ఆ సంగతి వివరణలో లేకపోతే ప్రయాణికుడికి ఎనభై అయిదు వేలు వెనక్కొస్తాయని చెబుతుంది. ఫోన్ నంబరును అంకెగా కాక టెక్స్ట్‌గా తీసుకోండి, ముందున్న సున్నా, ప్లస్ 91 పోకుండా ఉంటాయి. సీటు రకం లాంటివి నాలుగైదే ఉంటే స్కీమాలో ఈనమ్‌గా, అంటే వాటిలోంచే ఒకటి ఎంచుకోవాల్సిన జాబితాగా ఇచ్చేయండి.

తప్పు జరిగినప్పుడు టూల్ నుంచి ఏజెంట్‌కు వెళ్లే సందేశం కూడా వివరణలో భాగమే అనుకోండి. "ఎర్రర్ 400" అని పంపితే అదే తప్పుతో మళ్లీ మళ్లీ పిలుస్తుంది. "2025-08-01 గడిచిపోయింది, ఈరోజు 2025-08-02, ఈరోజుది గానీ తర్వాతి తేదీ గానీ ఇవ్వండి" అంటే రెండోసారికి సర్దుకుంటుంది.

ప్రశ్న: వివరణలు తెలుగులో రాయొచ్చా? మాకు నలభై టూళ్లున్నాయి, ఖర్చు పెరుగుతుందా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: రాయొచ్చు. టూల్ పేర్లు మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్‌లతోనే పెట్టండి. వివరణలన్నీ ప్రతి అభ్యర్థనతో పాటు మోడల్‌కు వెళ్తాయి, తెలుగు లిపికి ఇంగ్లిష్ కంటే టోకెన్లు (మోడల్ చదివే చిన్న ముక్కలు, ఖర్చు లెక్కించేది వీటి మీదే) ఎక్కువ పడతాయి. కాబట్టి వివరణ ఇంగ్లిష్‌లో రాసి, మీ వాళ్లు నిజంగా వాడే "క్యాన్సిల్ చేయండి", "టికెట్ వద్దు", "తీసెయ్యండి" లాంటి మాటల్ని మాత్రం తెలుగులో చేర్చడం మేలు. ఊళ్ల పేర్లు ఏ లిపిలో పంపాలో చెప్పడం మరవకండి, "మియాపూర్" అని తెలుగులో వెతికితే ఇంగ్లిష్ డేటాబేస్‌లో ఏమీ దొరకదు.

ఇక నలభై ఎక్కువే. ఎప్పుడూ ఒకదాని వెంట ఒకటి పిలిచేవాటిని కలిపేయండి, ఎవరూ వాడనివి తీసేయండి. ఒక్కో వివరణను మూడు నాలుగు వాక్యాల కంటే తగ్గించి పొదుపు చేయాలని మాత్రం చూడకండి. దుబారా ఎక్కువగా టూల్ తిరిగిచ్చే జవాబుల్లో ఉంటుంది: ఖాళీ సీట్లెన్ని అని అడిగితే మొత్తం సీట్ల పటం పంపనక్కర్లేదు. మార్పులు చేసేముందు పాత చాట్‌ల నుంచి ఓ ముప్పై ప్రశ్నలు ఏరి, దేనికి ఏ టూల్ పిలవాలో పక్కన రాసుకోండి. ఒక్కో వివరణ మార్చినప్పుడల్లా ముప్పైనీ మళ్లీ నడపండి, ఎందుకంటే ఒక టూల్ వివరణ సరిచేస్తే పక్క టూల్‌కు రావాల్సిన ప్రశ్నలు ఇటు మళ్లడం మామూలే.