పది నెలల జీతంతో పన్నెండు నెలలు

ప్రశ్న: నా వయసు 34. తెలంగాణలోని ఒక సెంట్రల్ జైల్లో, స్వచ్ఛంద సంస్థ తరఫున, పునరావాస కార్యక్రమాల కోఆర్డినేటర్‌గా నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. కుట్టు, వడ్రంగం క్లాసులు నడిపించడం, కౌన్సెలింగ్ ఏర్పాట్లు, విడుదలయ్యేవాళ్లకు పని చూడడం నా బాధ్యత. ‘కన్సల్టెంట్’ పేరుతో నెలకు 38,000 ఇస్తారు, అందులో పది శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపన్ను) పట్టుకుంటారు. పీఎఫ్ లేదు. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ డబ్బు మార్చితో అయిపోతుంది, మళ్లీ జూన్ నుంచే జీతం. ఏప్రిల్, మే నెలల్లో కూడా నేను జైలుకు వెళ్తూనే ఉంటాను. మావారు ఎలక్ట్రీషియన్, పని లేని నెలలో కూడా 10,000 తెస్తారు. ఇంటి ఖర్చు 35,000. జూన్‌లో పాప ఫీజు 42,000. దానికోసం ఏటా గొలుసు తాకట్టు పెడుతున్నాం, ఇప్పుడు 60,000 గోల్డ్ లోన్ ఉంది. 1,10,000 ఎఫ్‌డీ ఉంది. ఒక ప్రైవేటు స్కూల్లో కౌన్సెలర్ ఉద్యోగం, పీఎఫ్‌తో 26,000 ఇస్తామంటున్నారు. మారిపోనా? ఇంకో సంగతి. మా దగ్గర కుట్టు నేర్చుకున్న ఒకతను వచ్చే నెల విడుదలవుతున్నాడు. ములాఖత్ రోజు వాళ్ల అక్క గేటు దగ్గర నన్ను ఆపి, ‘మేడమ్, మిషన్‌కి 30,000 సర్దండి, నెలకు రెండు వేలు కట్టేస్తాడు’ అంది. ఇంకొకరి ఇంటివాళ్లు జామీను ఉండమంటున్నారు. మావారు వద్దంటున్నారు. ఏం చేయను? నెలకు 5,000 సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) మొదలుపెట్టమని ఫ్రెండ్ చెబుతోంది. (పేరు రాయవద్దు.)

జవాబు: ముందు మీ అసలు జీతం ఎంతో తేల్చుకుందాం. పది నెలలకు 3,80,000. టీడీఎస్ 38,000 పోగా చేతికొచ్చేది 3,42,000. దాన్ని పన్నెండు నెలలకు పంచితే నెలకు 28,500. మీ ఇల్లు మాత్రం ఏడాదంతా నెలకు 34,200 (38,000లో టీడీఎస్ పోగా) వస్తున్నట్టు నడుస్తోంది. ఏటా గొలుసు తాకట్టుకు వెళ్తున్నది ఇందుకే. మీ ఖర్చుల్లో దుబారా నాకు ఎక్కడా కనిపించలేదు.

కాబట్టి మీ జీతం మీరే ఇచ్చుకోండి. ఇంకో బ్యాంకులో ఒక సేవింగ్స్ ఖాతా తెరవండి. దానికి ఏటీఎం కార్డు వద్దు, ఫోన్‌లో యూపీఐ కూడా కలపకండి. జీతం పడిన రోజే 5,700 అందులోకి పంపేయండి. పది నెలల్లో 57,000 అవుతుంది. ఏప్రిల్ ఒకటిన 28,500, మే ఒకటిన 28,500 తీసుకోండి. మీ 28,500కు మీవారి 10,000 కలిస్తే 38,500. ఇంటి ఖర్చు పోను 3,500 మిగులుతుంది.

ఇక టీడీఎస్. ‘ఆదాయం తక్కువ కదా, రిటర్న్ ఎందుకని వేయలేదు’ అని మీ ఉత్తరం చివర ఒక ముక్క రాశారు. నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఆ ముక్కే. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి 12 లక్షల దాకా ఆదాయానికి రిబేటు వల్ల పన్ను పడదు. మీరు కట్టాల్సిన పన్ను సున్నా. అంటే పట్టుకున్న 38,000 అంతా మీదే, రిటర్న్ వేసి అడిగితేనే వెనక్కి వస్తుంది. మీకు ఇస్తున్నది ప్రొఫెషనల్ ఫీజు కింద కాబట్టి జీతగాళ్లు వేసే ఐటీఆర్-1 ఫారం పనికిరాదు. మొదటిసారి ఆడిటర్ చేత వేయించుకోండి. గడువు దాటినా ఆ అసెస్‌మెంట్ ఏడాది (ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఆర్థిక సంవత్సరం) డిసెంబర్ 31 దాకా వెయ్యి రూపాయల ఆలస్య రుసుముతో వేయవచ్చు. అంతకంటే పాత ఏళ్లవి, గడువులన్నీ దాటాక వేసే ‘అప్‌డేటెడ్ రిటర్న్’తో రావు. రీఫండ్ అడగడానికి అది పనికిరాదు. ఆలస్యాన్ని మన్నించమని ఆదాయపన్ను శాఖకు దరఖాస్తు పెట్టుకోవాలి. అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక అయిదేళ్ల లోపు ఆ అవకాశం ఉంటుంది. మీవి నాలుగేళ్లే కాబట్టి ఏ ఏడాదీ వదులుకోకండి. ఆడిటర్ ఫీజు పోయినా చాలా మిగులుతుంది. ఇకమీదట ఏటా వచ్చే రీఫండ్‌ను ముట్టుకోకుండా ఉంచితే మరుసటి జూన్‌లో పాప ఫీజుకు నాలుగు వేలే తక్కువ పడుతుంది.

ఎఫ్‌డీ తీసి గోల్డ్ లోన్ ఈ వారమే తీర్చేయండి. ఎఫ్‌డీ మీద వచ్చే వడ్డీ కంటే తాకట్టు మీద కట్టే వడ్డీ ఎక్కువ. ముందే తీస్తే ఎఫ్‌డీ వడ్డీ కాస్త తగ్గినా లాభమే. మిగిలే 50,000 సిప్‌లోకీ వద్దు, చీటీలోకీ వద్దు. ఏడాది మధ్యలో మొదలుపెడుతున్నారు కాబట్టి వచ్చే ఏప్రిల్‌కు 57,000 పోగవకపోవచ్చు. ఆ లోటు ఈ డబ్బు పూడుస్తుంది.

ఇప్పుడు స్కూలు ఉద్యోగం. కాగితం మీద నెలకు 12,000 తక్కువ. నిజానికి అంత తేడా లేదు. టీడీఎస్ వెనక్కి వస్తే మీ సగటు జీతం 31,667. స్కూల్లో 15,000 పరిమితి మీద పీఎఫ్ కడితే మీ వాటా 1,800 పోయి చేతికి 24,200 వస్తుంది. మీ వాటా, యాజమాన్యం వాటా రెండూ కలిపి చూస్తే మీకు దక్కేది 27,800. అంటే తేడా నెలకు నాలుగు వేల లోపే. అయితే ఒకటి అడిగి తెలుసుకోండి. ఆ 26,000లోనే యాజమాన్యం వాటా కూడా కలిపి చెబుతుంటే చేతికొచ్చేది 22,400. ఇంటర్వ్యూలో ఆ మాట చాలామంది అడగరు, మొదటి జీతం పడ్డాక టెన్షన్ పడతారు.

డబ్బు కోసమే అయితే మారాల్సిన పని లేదు. మీరు ఉండాలనే నా కోరిక. జైలు గేటు దాటి బయటికొచ్చే మనిషి చేతిలో ఒక పని, ఆధార్, బ్యాంకు ఖాతా ఉన్నాయా అని పట్టించుకునేవాళ్లు చాలా తక్కువ. కానీ సేవ పేరు చెప్పి రెండు నెలలు ఊరికే పనిచేయించుకోవడం అన్యాయం. మీ డైరెక్టర్‌తో ఈ మాట మొహమాటం లేకుండా, రాతపూర్వకంగా మాట్లాడండి. సీఎస్‌ఆర్ నిబంధనల్లో ‘కొనసాగే ప్రాజెక్టు’ అని ఉంది. మొదలైన ఏడాది కాక మరో మూడేళ్ల దాకా దానికి నిధులు ఇవ్వవచ్చు. ఏడాదికోసారి ఒప్పందం రాసుకునే బదులు ఆ పద్ధతిలో అడగమనండి. అది కుదరకపోతే 3,80,000నే పన్నెండు నెలలకు సర్ది ఇవ్వమనండి, వాళ్లకు పైసా అదనపు ఖర్చు లేదు. సంస్థలో ఇరవై మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేస్తుంటే పీఎఫ్ చట్టం వర్తిస్తుంది. రోజూ హాజరు వేయించుకుని, సెలవుకు అనుమతి అడిగించుకుని, కాగితం మీద మాత్రం ‘కన్సల్టెంట్’ అనడం నిలబడేది కాదు.

కుట్టుమిషన్ విషయంలో మీవారి మాటే నాదీ. మీ సొంత డబ్బు ఇవ్వకండి. 1894 నాటి ప్రిజన్స్ చట్టం తొమ్మిదో సెక్షన్ జైలు అధికారులు ఖైదీలతో డబ్బు లావాదేవీలు పెట్టుకోకూడదంటుంది. మీరు అధికారి కాకపోయినా లోపలికి వెళ్లేది వాళ్ల అనుమతి మీదే. ఒక అప్పు బయటపడితే ఆ అనుమతి పోతుంది, మీ క్లాసులో కూర్చునేవాళ్లందరికీ నష్టం. అతను రెండు నెలలు కట్టలేకపోతే మీకు ఎదురుపడడానికే సిగ్గుపడతాడు. విడుదలయ్యాక అతనికి మీ అవసరం ఎక్కువగా ఉండేదీ అప్పుడే.

జామీను ఇంకా ప్రమాదం. వాయిదాకు అతను రాకపోతే బాండు మొత్తానికి కోర్టు మిమ్మల్నే అడుగుతుంది. దానికి బదులు ఆ ఇంటివాళ్లను జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పంపండి. పేద ఖైదీల కోసం కేంద్రం 2023లో ఒక పథకం తెచ్చింది. ఆ ఏడాది మార్గదర్శకాల ప్రకారం బెయిల్ వచ్చినా డబ్బు లేక లోపలే ఉన్న విచారణ ఖైదీకి 40,000 దాకా, జరిమానా కట్టలేని శిక్షా ఖైదీకి 25,000 దాకా జిల్లా కమిటీ మంజూరు చేయవచ్చు. మాదకద్రవ్యాలు, అవినీతి, మనీ లాండరింగ్, ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కేసులకు మాత్రం వర్తించదు. ఈ పథకం సంగతి చాలామంది ఖైదీలకు తెలియదు. మీరు చెబితే తెలుస్తుంది.

మిషన్‌కూ దారులున్నాయి. లోపల చేసిన పనికి అతని పేరున కూలి ఎంత జమ ఉందో ముందు కనుక్కోండి. ముద్ర పథకంలో శిశు రుణం 50,000 దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. పీఎం విశ్వకర్మలో దర్జీ వృత్తి ఉంది. అర్హత కుదిరితే పనిముట్లకు 15,000, ఆపైన అయిదు శాతం వడ్డీకి తొలివిడత లక్ష దాకా అప్పు. వీటన్నిటికీ ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు కావాలి. విడుదలకు ఇంకా నెల ఉంది కాబట్టి అవి ఇప్పుడే సరిచేయించండి. శిక్షణ సర్టిఫికెట్ మీద జైలు పేరు లేకుండా, నేర్పిన సంస్థ పేరుతోనే ఇప్పించగలరేమో చూడండి. టైలరింగ్ షాపు యజమాని అతని చేతికుట్టు చూడకముందే ఆ పేరు చూసి పంపేయకూడదు. ఇదంతా మీ ఉద్యోగంలో భాగమే, మీ పర్సు తెరవక్కర్లేదు.

నెలకు మిగిలే 3,500లో మొదటి వాటా ఇన్సూరెన్స్‌ది. మీవారు కరెంటు పని చేస్తారు కాబట్టి ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా (ప్రమాద బీమా), 436 రూపాయల జీవన్ జ్యోతి (జీవిత బీమా) ఇద్దరూ బ్యాంకులో వెంటనే తీసుకోండి. ఒక్కో పాలసీకి రెండు లక్షల కవరేజీ. తర్వాత ముగ్గురికీ కలిపి అయిదు లక్షల ఆరోగ్య పాలసీ చూడండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ ప్రీమియం మీద జీఎస్టీ లేదు. సిప్ మంచిదే, కానీ 5,000 మీకు ఇప్పుడు ఎక్కువ. ఏప్రిల్, మే, జూన్ మూడు నెలలూ ఒకసారి అప్పు లేకుండా దాటాక వెయ్యితో ఇండెక్స్ ఫండ్‌లో (నిఫ్టీ లాంటి షేర్ల సూచీని అనుసరించే ఫండ్) మొదలుపెట్టండి.