ఎలుకను చేత్తో పట్టుకోగలరా?

ప్రశ్న: బీఫార్మసీ చివరి ఏడాదిలో ఉన్నాను. ఎంఫార్మసీలో ఫార్మకాలజీ (మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పే శాస్త్రం) తీసుకుని, ఔషధ మొక్కల సారాలు క్యాన్సర్‌పై పనిచేస్తాయో లేదో ఎలుకల్లో పరీక్షించాలనుంది. దీనికి భవిష్యత్తు ఉందా?

జవాబు: ఉంది. అయితే అది మీరు వెతుకుతున్న చోట లేదు. ఫలానా ఆకు క్యాన్సర్‌ను తగ్గించిందని చెప్పే థీసిస్‌లు కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. ల్యాబ్‌లో గిన్నెలో పెంచిన క్యాన్సర్ కణాలను బ్లీచింగ్ నీళ్లు కూడా చంపేస్తాయి! అదే సారం ఒంట్లోకి వెళ్తే రక్తంలో చాలినంత నిలుస్తుందా? కాలేయం తట్టుకుంటుందా? కణితి తగ్గింది మందు వల్లా, విషప్రభావంతో ఎలుక తిండి మానేసి చిక్కిపోవడం వల్లా? ఇవి తేల్చగలిగేవాళ్లకే కంపెనీల్లో విలువ. కణితి కొలతతో పాటు ఎలుక బరువు కూడా రాసుకునేది అందుకే.

1950ల్లో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రవేత్తలు బిళ్లగన్నేరును మధుమేహం కోసం పరీక్షించారు. నోటి ద్వారా ఇస్తే ఎలుకల్లో చక్కెర తగ్గలేదు. ఇంజెక్షన్‌గా ఇస్తే తెల్ల రక్తకణాలు పడిపోయి, ఎలుకలు ఇన్ఫెక్షన్లతో చచ్చిపోయాయి. ప్రయోగం చెడిందని వదిలేయకుండా ఆ కణాలు ఎందుకు పడిపోయాయని ఆరా తీశారు. అలా విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు దొరికింది. మీరు నేర్చుకోవాల్సింది ఆ ఆరా తీయడం.

రెండేళ్ల పీజీలో మందు కనిపెడదామనుకోకండి. టాక్సాల్ అనే క్యాన్సర్ మందు దొరికిన యూ చెట్టు బెరడును సేకరించింది 1962లో, అమెరికాలో అనుమతి వచ్చింది 1992లో. మీ ప్రాజెక్టుకు ఒక మొక్క, ఒక క్యాన్సర్ మోడల్ (ఎలుకలో క్యాన్సర్‌ను కలిగించే పద్ధతి), పోల్చడానికి ఇప్పటికే వాడుకలో ఉన్న ఒక మందు చాలు. మొక్క నమూనాను వృక్షశాస్త్రజ్ఞులతో గుర్తింపజేసి భద్రపరచండి. ఈ పని చాలామంది ఎగ్గొడతారు, తర్వాత వాళ్ల ఫలితం మళ్లీ ఎవరికీ రాదు. ఎథిక్స్ కమిటీ అనుమతికి మొదట్లోనే దరఖాస్తు పెట్టండి. అది లేకుండా ఒక్క ఎలుకనూ ముట్టుకోకూడదు. గణాంకాలు, కణజాల పరీక్ష నేర్చుకుంటే విషప్రభావాలను పరీక్షించే టాక్సికాలజీ ల్యాబ్‌లు, మందుల భద్రతా విభాగాలు, పీహెచ్‌డీ అన్నీ అందుబాటులోకి వస్తాయి.

ఇక బ్రోచర్లలో ఉండని మాట ఒకటి. ప్రయోగం ముగిశాక చాలాసార్లు ఆ ఎలుకలను నొప్పి తెలియకుండా చంపి, అవయవాలు తీసి చూడాలి. అది మీ చేతుల మీదుగానే జరగొచ్చు. మనసొప్పకపోతే మొక్కల రసాయనాలను విడదీసే ఫార్మకాగ్నసీ వైపు వెళ్లండి, అదేమీ తక్కువ పని కాదు. సీటు ఖాయం చేసుకునే ముందు, ఎవరైనా గైడ్‌ను అడిగి ఒక వారం ప్రయోగ జంతువులను ఉంచే యానిమల్ హౌస్‌లో గడిపి రండి.