పేకముక్కల మ్యాజిక్‌కి అద్దం చాలదు

ప్రశ్న: రెండేళ్లుగా పేకముక్కలతో మ్యాజిక్ నేర్చుకుంటున్నాను. పేక చేతిలో కనబడితే చాలు, అమ్మ జూదమనుకుని తిడుతుంది. చెల్లెలేమో ఏం చేసినా సూపర్ అన్నయ్యా అంటుంది. అద్దం ముందు బాగానే వస్తుంది, నలుగురిలో చేతులు వణుకుతాయి. తప్పులు చెప్పేవాళ్లు ఎక్కడ దొరుకుతారు?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: చెల్లెలి మెప్పు తియ్యగానే ఉంటుంది కానీ పనికిరాదు. అద్దమూ అంతే. ముక్క మార్చే క్షణంలో మనకు తెలియకుండానే రెప్ప వేసేస్తాం, అసలు తప్పు ఆ రెప్ప వెనకే ఉండిపోతుంది. ఫోన్‌ని ఎదుటివాళ్ల కళ్ల ఎత్తులో పెట్టి వీడియో తీసుకోండి, చూసుకుని కాస్త సిగ్గుపడండి.

టెన్షన్ తగ్గాలంటే ఒకే ట్రిక్కుని పదిమందికి విడివిడిగా చూపించాలి. ఎలా ఉంది అని అడగొద్దు, బాగుందనేస్తారు. మర్నాడు, నిన్న ఏం జరిగిందో చెప్పమనండి. "నువ్వు చెయ్యి కిందికి దించావు చూడు, అప్పుడు..." అన్నారంటే అక్కడే దొరికిపోయారన్నమాట. అదే మనిషికి వెంటనే రెండోసారి మాత్రం చూపించొద్దు. ఏ ట్రిక్కయినా మూడుసార్లు చూస్తే కనిపెట్టేస్తానని చెప్పుకునే పేరున్న మెజీషియన్ హౌడినీని 1922లో పేకముక్కల మ్యాజిక్‌లో ఆరితేరిన డై వెర్నన్ ఒకే ట్రిక్కు మళ్లీ మళ్లీ చేసి బోల్తా కొట్టించాడు, నిజమే, కానీ మీరింకా వెర్నన్ కాలేదు కదా!

తోటివాళ్ల సంగతంటారా, 1922లోనే మొదలైన ఇంటర్నేషనల్ బ్రదర్‌హుడ్ ఆఫ్ మెజీషియన్స్ అనే మెజీషియన్ల సంఘం శాఖల్ని రింగులంటారు, మన దేశంలోనూ ఉన్నాయి. అంతకన్నా దగ్గరి దారి, గుంటూరులోనో విజయవాడలోనో పుట్టినరోజు పార్టీలకి మ్యాజిక్ చేసేవాళ్లని వెతికి, ఒక ఆదివారం మీ పెట్టె నేను మోస్తానండీ అని అడగండి. అమ్మగారికి మాత్రం ముందు ఆవిడ తీసిన ముక్కే చెప్పి చూపించండి.