యంత్రం సున్నా చూపిస్తోంది, మనిషి తూలుతున్నాడు

ప్రశ్న: మా ఆయనకు 56 ఏళ్లు. పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి దగ్గర గుమాస్తాగా పనిచేస్తారు. చాలాకాలంగా షుగరుకు మాత్రలు వాడుతున్నారు. ఈమధ్య ఒక సాయంత్రం బండి మీద ఇంటికి వస్తుండగా జాతీయ రహదారి మీద పోలీసులు తనిఖీకి ఆపారు. ఆయన సరిగా నిలబడలేకపోయారు, పేరడిగితే ముద్దముద్దగా ఏదో అన్నారు, చెయ్యి పట్టుకున్న కానిస్టేబుల్‌ను నెట్టేశారు. గొట్టంలో ఊదిస్తే సున్నా వచ్చింది. అయినా గంజాయి లాంటిదేదో తీసుకున్నాడని అనుమానించి చాలాసేపు రోడ్డు పక్కన కూర్చోబెట్టారు. పక్కనే టీ బడ్డీ నడిపే ఆవిడ ఆయన చొక్కా చెమటతో తడిసిపోవడం చూసి, పాలలో పంచదార బాగా కలిపి తాగించింది. కాసేపటికి తేరుకుని, తానెక్కడున్నానని ఆయనే అడిగారట. తర్వాత ప్రమాదకరంగా నడిపారని కేసు రాశారు. తాగనివాడిని ఇలా కూర్చోబెట్టవచ్చా? ఆ కేసు నిలుస్తుందా?
– ఒక పాఠకురాలు, టెక్కలి

జవాబు: అమ్మా, ముందు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆయన్ని ఆపడం, బండి తాళం తీసుకోవడం సరైన పనే. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఆయనకు రక్తంలో షుగరు పడిపోయినట్టుంది. ఆ స్థితిలో ఆయన ఇంకొంత దూరం నడిపి ఉంటే ఆయన ప్రాణంతో పాటు ఎదురుగా వచ్చేవారి ప్రాణం కూడా పోయి ఉండేది. తప్పు జరిగింది ఆ తర్వాత.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 185వ సెక్షన్ ప్రకారం, ఊదించే పరీక్షలో 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉన్నట్టు తేలితే అది నేరం. మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు గానీ, 10,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. మత్తుమందు ప్రభావంతో బండిని అదుపులో ఉంచుకోలేని స్థితిలో నడపడం కూడా ఇదే సెక్షన్ కిందికి వస్తుంది కాబట్టి, సున్నా వచ్చాక పోలీసులు మత్తుమందును అనుమానించడంలో చట్టవిరుద్ధం ఏమీ లేదు. అయితే అనుమానం వచ్చినప్పుడు చేయవలసింది రోడ్డు పక్కన కూర్చోబెట్టడం కాదు, వైద్యుడికి చూపించడం. 185 కింద అరెస్టు చేసిన వ్యక్తికి రెండు గంటల్లోగా రిజిస్టర్డ్ వైద్యుడి చేత పరీక్ష జరిపించాలనీ, జరిపించలేకపోతే విడిచిపెట్టాలనీ 202వ సెక్షన్ చెబుతోంది. ఈ నిబంధనను సాక్ష్యం సేకరించే ఏర్పాటుగా మాత్రమే చూడటం అలవాటైపోయింది గానీ, మీ ఆయన లాంటివారి విషయంలో అది ప్రాణం కాపాడే నిబంధన కూడా. అరెస్టు అనే మాట కాగితం మీద రాయకపోయినా, మనిషిని కదలనివ్వకుండా ఉంచారంటే ఆయన బాధ్యత వాళ్లదే. భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 53వ సెక్షన్ అరెస్టయిన వ్యక్తికి వెంటనే వైద్యపరీక్ష జరగాలంటుంది. 56వ సెక్షన్ అతని ఆరోగ్యం, భద్రత చూసుకోవలసిన బాధ్యతను అదుపులో ఉంచుకున్నవారి మీద పెడుతుంది.

ఇక కేసు సంగతి. నిర్లక్ష్యంగా నడిపారనడానికి, స్పృహ చెదరడం ఆయనకు ముందే తెలిసిన ప్రమాదమా కాదా అన్నది కీలకం. ఇంతకు ముందు ఎప్పుడూ షుగరు పడిపోని మనిషికి అకస్మాత్తుగా అలా జరిగితే ఒక లెక్క. నెలలో మూడుసార్లు కళ్లు తిరిగినా, మాత్ర వేసుకుని భోజనం మానేసి బండెక్కితే మరో లెక్క. అందువల్ల మీరు న్యాయవాది దగ్గరికి వెళ్లేటప్పుడు మందుల చీటీలు, పాత రక్తపరీక్షల కాగితాలు, ఆ రోజు తర్వాత ఆసుపత్రిలో చూపించి ఉంటే ఆ ఓపీ చీటీ, ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే అందులో తేదీ, సమయంతో సహా నిలిచి ఉన్న రీడింగులు పట్టుకెళ్లండి. ఊదించినప్పుడు సున్నా వచ్చిన నమోదు కాపీని న్యాయవాది ద్వారా అడిగించండి. టీ బడ్డీ ఆవిడ ఏం చూసిందో చెప్పడానికి ఒప్పుకుంటే అంతకన్నా మంచి సాక్షి దొరకదు. ఫీజు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి. ఆదాయం తక్కువగా ఉన్నవారికి న్యాయవాదిని ఉచితంగా ఇస్తారు.

మీరు అడగకపోయినా మరొక విషయం చెప్పాలి. మీది టెక్కలి, ఆయన పని పలాసలో, అంటే కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానానికి ఆనుకునే మీ జీవితం. మూత్రపిండాలు బలహీనపడితే ఇన్సులిన్, కొన్ని రకాల షుగరు మాత్రలు శరీరంలోంచి త్వరగా పోవు. నిన్నటి వరకు సరిపోయిన మోతాదే ఎక్కువై షుగరు పడిపోతుంది. ఆయనకు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ అనే రక్తపరీక్ష చేయించి, ఆ కాగితం, ఆయన వాడే మాత్రల పేర్లు వైద్యుడికి చూపించండి. ఇది కేసు కన్నా ముందు జరగాలి. అప్పటి వరకు ఆయన బస్సులో వెళ్లి రావడమే క్షేమం.

ప్రశ్న: నేను కానిస్టేబుల్‌ను. రాత్రి తనిఖీల్లో తూలేవాళ్లను రోజూ చూస్తుంటాం. మేం డాక్టర్లం కాదు. ఎవరు తాగారో, ఎవరికి బాగాలేదో మాకెలా తెలుస్తుంది?
– రాజాం

జవాబు: మీరు రోగం పేరు చెప్పనవసరం లేదు. మనిషి స్థితికీ యంత్రం చూపిన అంకెకూ పొంతన కుదరలేదని గమనిస్తే చాలు. సున్నా వచ్చి, మనిషి మాత్రం తూలుతుంటే దాన్ని అత్యవసర పరిస్థితిగా భావించి 108కి ఫోన్ చేయండి. పొరపాటున పిలిస్తే పోయేది ఏమీ లేదు. పిలవకపోతే మనిషే పోవచ్చు.

మెదడు పనిచేయడానికి గ్లూకోజు నిరంతరం అందుతుండాలి. 100 మిల్లీలీటర్ల రక్తంలో అది 70 మిల్లీగ్రాముల కన్నా తగ్గడం మొదలైతే చెమటలు, వణుకు, గుండెదడ వస్తాయి. 54 కన్నా దిగితే మాట తడబడుతుంది, అడుగు తప్పుతుంది, మనిషి మొండికేస్తాడు, సాయం చేయబోయినవారి మీదే తిరగబడతాడు. ఆ సమయంలో తనకేం జరుగుతోందో అతనికే తెలియదు. కాబట్టి చెయ్యి విసిరికొట్టాడని వెంటనే పొగరుగా లెక్కకట్టకండి. చలిగాలిలోనూ చొక్కా తడిసేలా చెమట పట్టిందా, జేబులో మందుల చీటీ ఉందా, బండి డిక్కీలో ఇన్సులిన్ పెన్ను ఉందా చూడండి. ‘షుగరుందా? ఎప్పుడు తిన్నారు?’ అని అడగండి. మింగగలిగే స్థితిలో ఉంటే మూడు టీస్పూన్ల పంచదార, అంటే సుమారు 15 గ్రాములు, నీళ్లలో కలిపి ఇవ్వండి. 15 నిమిషాల్లో తేరుకోకపోతే మరోసారి ఇవ్వండి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

మూతి ఒక పక్కకు లాగి, ఒక చెయ్యి వాలిపోతే అది పక్షవాతం. అలాంటివారికి కూడా నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదు. రక్తం గడ్డను కరిగించే ఇంజక్షనుకు లక్షణాలు మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలే గడువు, అందులో తనిఖీ చోట గడిచే ప్రతి నిమిషం ఆ రోగిదే. బాగున్నట్టు చివరిసారి ఎప్పుడు కనిపించాడో తెలిస్తే 108 సిబ్బందికి చెప్పండి.

వాసన వచ్చినంత మాత్రాన కూడా నిర్ణయానికి రాకండి. షుగరు విపరీతంగా పెరిగి కీటోన్లు చేరిన మనిషి ఊపిరి పండిన పళ్ల వాసన వేస్తుంది. తెలియనివారు దాన్నే మందు వాసన అనుకుంటారు. నిజంగా తాగి, అంకె ఎక్కువే చూపించిన మనిషికి కూడా షుగరు పడిపోయి ఉండవచ్చు, ఎందుకంటే మద్యం కాలేయాన్ని గ్లూకోజు విడుదల చేయనివ్వదు. తల మీద దెబ్బ తగిలి ఉండవచ్చు. కేసు రాయండి, అది మీ విధి. కానీ మత్తు దిగుతుందిలే అని స్టేషన్ బల్ల మీద పడుకోబెట్టి వదిలేయకండి. ప్రతి తనిఖీ బృందం దగ్గర ఒక గ్లూకోమీటర్, ఒక గ్లూకోజు పొట్లం ఉండాలని మీ పై అధికారులను అడగండి. ఊదించే యంత్రం ధరతో పోలిస్తే ఇది ఖర్చే కాదు.

ప్రశ్న: నేను విజయనగరంలో ఆటో నడుపుతాను. ఈ ఏడాది ఒకసారి ఫిట్స్ వచ్చింది. చెబితే లైసెన్సు పోతుందని భయం.
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: మీ భయం బతుకుతెరువు గురించి, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ లైసెన్సుకు ఇచ్చే స్వీయ ప్రకటనలో మూర్ఛ గురించి, అకస్మాత్తుగా స్పృహ తప్పడం గురించి సూటిగా అడుగుతారు. తనకు జబ్బుందని తెలిసీ, ప్రజలకు ప్రమాదమయ్యేలా నడిపితే మోటారు వాహనాల చట్టంలోని 186వ సెక్షన్ కింద మొదటిసారి 1,000, ఆపైన 2,000 రూపాయల వరకు జరిమానా. ఆ మొత్తం చిన్నదే. మీ ఆటోలో బడిపిల్లలు ఉండగా ఫిట్స్ వస్తే మాత్రం, ముందే తెలిసి దాచారన్న విషయమే మీ మీద అతి బలమైన సాక్ష్యమవుతుంది. నరాల వైద్యుడు చూసి రాతపూర్వకంగా చెప్పేవరకు బండి తీయకండి. ఈలోగా ఆటోను మరొకరికి అద్దెకివ్వండి.

ప్రశ్న: బండి తూలుతూ వెళ్లి డివైడర్‌ను తాకి ఆగింది. లోపలి మనిషికి మాట రావడం లేదు. సాయం చేస్తే మన మీద కేసు పడుతుందా?
– బొబ్బిలి

జవాబు: పడదు. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 134ఎ సెక్షన్, ప్రమాదంలో ఉన్నవారికి ప్రతిఫలం ఆశించకుండా సద్భావంతో సాయం చేసినవారికి రక్షణ ఇస్తుంది. మీ పేరు, ఫోన్ నంబరు ఇవ్వమని బలవంతం చేయకూడదు. ఇంజను ఆపి, తాళం తీసి, 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. ‘తాగి పడిపోయాడు’ అని చెప్పకుండా, కళ్లతో చూసింది చూసినట్టు చెప్పండి: చెమట పడుతోంది, మాట రావడం లేదు, కుడిచెయ్యి కదలడం లేదు, బండి ఇన్ని గంటలకు ఆగింది అని.