తేనె ఉన్నా తేనెటీగలు ఎందుకు చనిపోయాయి?

నమస్తే అండి. మిషిగన్‌లో కిందటి చలికాలం మీ రెండు తేనెటీగల పెట్టెలూ పోయాయని, పెట్టెలోని పట్టు చట్రాల (ఫ్రేముల) నిండా తేనె ఉన్నా ఈగలు తడిసి చచ్చి పడున్నాయని రాశారు. చదివి బాధేసింది. తేనె అంత మిగిలిందంటే అది ఆకలి చావు కాకపోవచ్చు. నా అనుమానం తేమ మీద, అంతకుముందే పట్టిన వర్రోవా నల్లి (తేనెటీగలను పట్టి పీల్చే చిన్న పురుగు) మీద.

చలికి ఈగలు గుంపుగా ముడుచుకుని ఒంటి వేడితోనే బతుకుతాయి. ఆ వెచ్చని ఆవిరి చల్లటి మూతకు తగిలి, నీటిబొట్లై మళ్లీ వాటి మీదే పడుతుంది. పొడి చలిని ఓర్చుకుంటాయి గానీ, తడిస్తే తట్టుకోలేవు. మూత కింద రెండంగుళాల ఫోమ్ బోర్డు పెట్టండి, పైన చిన్న గాలి రంధ్రం ఉంచండి, పెట్టెను కాస్త ముందుకు వంచండి.

నల్లి సంగతి మాత్రం ఆగస్టులోనే చూడాలి. చలికాలం దాటాల్సిన ఈగలు ఆ తర్వాతే పుడతాయి, అవి ఆరోగ్యంగా పుట్టాలి. రాణిని వెతికి పక్కన పెట్టి, అరకప్పు ఈగలను, అంటే సుమారు 300, ఆల్కహాల్‌లో కడిగి నల్లులు లెక్కపెట్టండి. 9 వస్తే 3 శాతం అన్నమాట, వెంటనే మందు వేయాలి. అలా 300 ఈగలను చంపడానికి మనసొప్పదు, నాకూ అంతే. కానీ మిగిలిన వేల ఈగలు దక్కేది దానివల్లే.

చలికి ముందే రాణి జాలీ (రాణి పై పెట్టెలోకి వెళ్లకుండా అడ్డుపెట్టేది) తీసేయండి, ఎలుకలు దూరకుండా ద్వారానికి రేకు బిగించండి. తేనె 35-40 కిలోలకు తగ్గితే, పగటి వేడి 10 డిగ్రీల సెల్సియస్‌కు దిగకముందే రెండు పాళ్లు పంచదార, ఒక పాలు నీళ్లతో పాకం పెట్టండి. ఆ తర్వాతైతే పొడి పంచదారే.